300 ఓమ్స్ హెడ్‌ఫోనా, 32 ఓమ్స్ ప్లానార్ హెడ్‌ఫోనా: చిన్న డాంగిల్ మీద ఏది మేలు?

ఒంగోల్లో ఉండే మా బావమరిది నిన్న మళ్లీ ఫోన్ చేశాడు, "బావా, ఓమ్స్ తక్కువుండే హెడ్‌ఫోన్ తీసుకుంటే ఆంప్ ఖర్చు మిగిలిపోద్ది గదా" అని. ఓమ్స్ అంటే కరెంట్‌కి హెడ్‌ఫోన్ పెట్టే అడ్డు, ఆంప్ అంటే సౌండ్ సిగ్నల్‌కి బలమిచ్చే పెట్టె. ఈ నెలలో ఇదే మాట అడిగినోళ్లు ఐదారుగురు ఉంటారు. మిగలదబ్బయ్యా. నేనూ అదే లెక్కేసుకొని కొన్నా, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

నేను తెప్పించుకున్న ప్లానార్ (పల్చటి చదును పొర ఊగి సౌండ్ చేసే రకం హెడ్‌ఫోన్) డబ్బా మీద 32 ఓమ్స్ అని పెద్దగా ఉంది, కింద చిన్నక్షరాల్లో సెన్సిటివిటీ 91 డీబీ అనుంది, అంటే ఇచ్చినదానికి ఎంత గట్టిగా మోగుద్దో చెప్పే లెక్క, అది నేను పట్టించుకోలా. చేతిలో ఉన్న చిన్న డాంగిల్‌కి (ఫోన్‌కి గుచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకునే ముక్క) తగిలించి మన బాలు గారి పాత పాట పెట్టినా. పాత పాటలు ఇప్పటి వాటిలాగా గట్టిగా రికార్డయి ఉండవు కదా, వాల్యూం చివరిదాకా లాగాల్సొచ్చింది, లాగితే తబలా ఎడమచేతి దెబ్బ గుమ్మని రావాల్సింది పరపరమంటా చీలిపోతా ఉంది. అదే డాంగిల్‌కి మా ఫ్రెండ్ హెడ్‌ఫోన్ సెన్‌హైజర్ హెచ్‌డీ 650 పెట్టి చూస్తే, అది 300 ఓమ్స్‌ది, చివరిదాకా పోకముందే సరిపోయింది, చరణం ఎత్తుకునే ముందు ఆయన తీసుకునే ఊపిరి కూడా వినపడింది.

ఓమ్స్ చెప్పేది వోల్టేజ్ ఎక్కువ కావాలా కరెంట్ ఎక్కువ కావాలా అని మాత్రమే. ఎంత పవర్ కావాలో తేల్చేది సెన్సిటివిటీ. అది కూడా రెండు రకాలుగా రాస్తారు, అందరూ బోల్తా పడేది ఇక్కడే. హెచ్‌డీ 650కి 103 డీబీ అని రాసేది 1 వోల్టుకి, నా ప్లానార్‌కి 91 అని రాసింది 1 మిల్లీవాట్‌కి. 300 ఓమ్స్ మీద 1 వోల్ట్ అంటే 3.3 మిల్లీవాట్లు, కాబట్టి మిల్లీవాట్ లెక్కలోకి మారిస్తే ఆ 103 కాస్తా 98 అవుద్ది. అయినా 91 కన్నా 7 ఎక్కువే, 7 డీబీ అంటే పవర్‌లో ఐదింతల తేడా. పాటలో గట్టి దెబ్బ 110 డీబీ దాకా పోవాలనుకోండి, ఆ ఒక్క దెబ్బ వరకే, పాటంతా అంత సౌండ్‌లో వింటే చెవులు పోతాయి. దానికి 300 ఓమ్స్‌ది అడిగేది 2.2 వోల్టులు, 17 మిల్లీవాట్లు, 7.5 మిల్లీయాంప్స్. 32 ఓమ్స్‌దానికి వోల్టేజ్ 1.6 చాలుగానీ 79 మిల్లీవాట్లు, 50 మిల్లీయాంప్స్ కావాలి. చిన్న డాంగిల్ చేతులెత్తేసేది ఆ కరెంట్ దగ్గరే. అందుకే ప్లానార్ కొనేవాళ్లు డాంగిల్ మీద 2 వోల్టులు అని చూసి సంబరపడకుండా 32 ఓమ్స్ దగ్గర ఎన్ని మిల్లీవాట్లు ఇస్తదో చూడండి. హైఫైమాన్ హెచ్‌ఈ-6 అని ఒక ప్లానార్ ఉంది, 50 ఓమ్సే, సెన్సిటివిటీ 83.5, దాన్ని జనం ఏకంగా స్పీకర్ ఆంప్‌కి తగిలించుకునేవాళ్లు.

ప్లానార్ బాలేదని కాదు, టేబుల్ మీద పెట్టే మంచి ఆంప్ ఉంటే ఆ బేస్ బిగువు 300 ఓమ్స్‌దాంట్లో రాదు, ఒప్పుకుంటా. కానీ ఎండాకాలం కరెంట్ పోతే ఆ ఆంప్ కూడా ఆగిపోద్ది, డాంగిల్ ఫోన్ మీద నడుస్తానే ఉంటది. ఇంకోటి, రెండూ ఓపెన్ బ్యాక్, అంటే వెనక మూసి ఉండవు, పైన ఫ్యాన్ సౌండ్ లోపలికొస్తది, రోహిణి కార్తెలో నెల్లూర్లో ఫ్యాన్ ఆపి పాట వినేవాడెవడు, కాబట్టి ఇంకాస్త వాల్యూం పెంచుకోవాల్సిందే, ఆ కాస్త పెంచడానికి జాగా ఉండాలి. నాకైతే 300 ఓమ్స్‌దే మేలు.

80 ఓమ్స్ డీటీ 770 ప్రో అనే హెడ్‌ఫోన్ వెనక మూసి ఉండే క్లోజ్డ్ రకం, ఫ్యాన్ గోల తగ్గుద్దిగానీ అరగంటకే చెవులు చెమటకి తడిసిపోతాయి. చెవిలోకి దూర్చుకునే ఐఈఎమ్‌లలో చాలావాటికి ఈ తంటా లేదు, చిన్న డాంగిల్‌కే పాడతాయి.

బావమరిదికి 300 ఓమ్స్‌దే చెప్పినా. వాడి దగ్గరున్న డాంగిల్ ఫోటో పంపమన్నా, 300 ఓమ్స్ దగ్గర 2.2 వోల్టుల దాకా ఇస్తదో లేదో చూసి, ఇస్తే ఆర్డర్ పెట్టమంటా.