టస్కనీలో కుడివైపు డ్రైవింగ్, సియెనా లాడ్జి ఓనరు ఇచ్చిన మాట

జులైలో ఒక రాత్రి క్రెడిట్ కార్డు మెసేజులు రెండు వచ్చాయి. ఒక్కోటి 48 యూరోల 80 సెంట్లు, అంటే అప్పటి లెక్కలో మన డబ్బుల్లో దాదాపు 4,400. మేము ఇటలీలోని టస్కనీ ప్రాంతం చూసి తిరిగొచ్చి అప్పటికి రెండు నెలలు. పోనీ అది జరిమానానా అంటే కాదు, మా పేరూ అడ్రసూ అక్కడి పోలీసులకు అందించినందుకు అద్దె కారు కంపెనీ వేసుకున్న చార్జీ. జరిమానా వేరే వస్తుందట. సియెనాలో మేము దిగిన లాడ్జి ఓనరు మాట తప్పడం వల్ల వచ్చిన ఖర్చు ఇది, ఇంకెవరూ ఇలా మోసపోకూడదని రాస్తున్నా.

మేము నలుగురం: నేను, మా ఆవిడ, పదో తరగతి అయిపోయిన మా అబ్బాయి, 68 ఏళ్ల మా అమ్మ. మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ కచ్చితంగా ఉండాలి, ఖైరతాబాద్ ఆర్టీఏలో తీసుకున్నా, ఫీజు వెయ్యి, సర్వీసు చార్జీ అదనం. కారు ఫ్లోరెన్స్ ఎయిర్‌పోర్టులో తీసుకోండి, ఊరి మధ్యలో వద్దు. ఐదు రోజులకు 268 యూరోలు, పైగా డిపాజిట్ కింద కార్డు మీద 900 బ్లాక్ చేశారు. గేర్లున్న బండే ఇచ్చారు, ఆటోమేటిక్ కావాలంటే ఇంకో 140 అన్నారు. ఆ 140 పెట్టుకోవడమే మంచిదని ఇప్పుడు చెప్తున్నా, ఎందుకంటే అక్కడ స్టీరింగ్ ఎడమవైపు, మనకేమో ఎడమ చేత్తో గేరు మార్చే అలవాటు ఒక్క పూటలో పోదు. మొదటి గంట గేరు కోసం చెయ్యి తలుపుకు తగిలేది, ఇండికేటర్ వేద్దామంటే వైపర్లు తిరిగేవి.

అందరూ ట్రాఫిక్ గురించి భయపెడతారు గానీ ట్రాఫిక్‌లో అసలు కష్టం లేదు, ముందు బండి వెనకే పోతే చాలు. ప్రమాదం ఖాళీ రోడ్డు మీద. రెండో రోజు పొద్దున్న పెట్రోల్ బంక్ నుంచి బయటికొచ్చి, ఎదురుగా ఎవరూ లేరు కదా అని ఏ ఆలోచనా లేకుండా ఎడమవైపు ఎక్కేశాను. రెండు వందల మీటర్లు పోయాక మలుపులో ట్రాక్టర్ కనిపించింది. మా ఆవిడ "కుడి, కుడి!" అని అరిచింది, వెనక అమ్మ ఆంజనేయ దండకం అందుకుంది. ట్రాక్టర్ అతను నిలిపేసి, నేను సర్దుకునేదాకా ఆగి, చెయ్యి ఊపి పోయాడు. ఆ తర్వాత అరగంట కారులో ఎవరూ మాట్లాడలేదు.

అక్కడి నుంచి ఒకటే సూత్రం పెట్టుకున్నా: రోడ్డు మధ్య గీత ఎప్పుడూ నా భుజం పక్కనే ఉండాలి. ఇండియాలోనూ అంతే, ఇటలీలోనూ అంతే, అది మారదు. బండి ఆపి మళ్లీ తీసిన ప్రతిసారీ పక్క సీట్లో వాళ్లు "కుడి" అని పైకి అనాలి. ఇంకోటి, మనకు కూర్చున్న చోటికి ఎడమ పక్కన బండి ఎక్కువ ఉండటం అలవాటు కాబట్టి తెలియకుండానే కుడి అంచుకు జరిగిపోతాం, కుడి అద్దం గోడలకు రాసుకుంటుంది. సర్కిళ్లలో కుడికి తిరిగి చేరాలి, లోపల తిరుగుతున్న వాళ్లకు దారివ్వాలి. ఊరు దాటితే పగలైనా లైట్లు వేసుకోవాల్సిందే.

సాన్ జిమిగ్నానో బాగుంది, పాత బురుజులు చూశాం, పార్కింగ్‌కు మూడు గంటలకు 8 యూరోలు.

మా ట్రిప్పును నిలబెట్టింది మాత్రం పియెంజా దగ్గర పొలాల మధ్య దిగిన ఇల్లు. గదికి 95, టిఫిన్‌తో కలిపి. అమ్మ గుడ్డు కూడా ముట్టదు, ఇటలీలో పాస్తా అంటే గుడ్డు కలుస్తుందేమోనని అప్పటిదాకా రొట్టె, పండ్లతోనే గడిపింది. ఆ ఇంటావిడ వంటింట్లోకి పిలిచి చూపించింది: పిండి, నీళ్లు, ఉప్పు, అంతే. చేత్తో ఒక్కొక్కటీ పొడుగ్గా ఒత్తుతోంది, పీచి అంటారట. అమ్మ చూసి "ఇవి తాలికలే కదురా" అని చేతులు కడుక్కుని పక్కన కూర్చుంది. వినాయక చవితికి పాలతాలికలు ఒత్తిన చేతులు కదా, ఆవిడ కంటే సన్నగా ఒత్తింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, గంటసేపు కబుర్లే. టమాటా, వెల్లుల్లి వేసి వండిన ఆ పీచి అమ్మ రెండుసార్లు వడ్డించుకుంది. మనిషికి 28 యూరోలు, ఒక్క యూరో కూడా ఎక్కువనిపించలేదు.

ఇక సియెనా. పాత ఊళ్లలోకి బయటి కార్లు రాకుండా జెడ్‌టీఎల్ అని పెడతారు, ఎర్ర అంచున్న తెల్ల గుండ్రటి బోర్డు, దాటితే కెమెరా నంబరు పట్టేస్తుంది. నాకు ఇది ముందే తెలుసు, అందుకే ఓనరుకు రాశాను. "సామాను దించుకోవడానికి లోపలికి రండి, మీ నంబరు నేను నమోదు చేయిస్తా" అని జవాబిచ్చాడు. గది 140 యూరోలు. సాయంత్రం సామాను దించి కారు బయట పెట్టి వచ్చాను, పొద్దున్న ఎక్కించుకోవడానికి మళ్లీ లోపలికి వెళ్లా. అంటే రెండుసార్లు. మా కారు నంబరు అతను అసలు నమోదు చేయించనేలేదు.

నవంబర్‌లో మొదటి జరిమానా కాగితం వచ్చింది: 83 యూరోలు, పైన పోస్టు ఖర్చులు. ఐదు రోజుల్లో కడితే 83 కాస్తా 58 యూరోల 10 సెంట్లు అవుతుంది, వెంటనే కట్టేశాను. ఓనరుకు అతని మెసేజ్ స్క్రీన్‌షాట్ పంపితే "మా అమ్మాయి మర్చిపోయి ఉంటుంది" అన్నాడు, ఆ తర్వాత జవాబే లేదు. మీరైతే సామాను బరువైనా సరే కారును సాంటా కతెరీనా పార్కింగ్‌లోనే వదిలేయండి, అక్కడి నుంచి ఎస్కలేటర్ల మీద నేరుగా ఊళ్లోకి ఎక్కొచ్చు. మాట ఇచ్చిన ఓనరైతే నంబరు నమోదు చేసిన కాగితం చూపించమని అడగండి, చూపించకపోతే లోపలికి పోవద్దు.

విదేశీయులకు కాగితం పంపడానికి వాళ్లకు 360 రోజుల గడువుంది. మా రెండోది ఇంకా రాలేదు.