రాస్ ద్వీపానికి యాభై నిమిషాలా?

అండమాన్ వెళ్ళి రాస్ ద్వీపం చూడాలనుకునేవాళ్ళు దయచేసి ‘మూడు ద్వీపాల ప్యాకేజీ’ జోలికి పోకండి. మేం చెన్నైలోనే, టీ నగర్‌లో ఒక ట్రావెల్ ఏజెంటుకి మనిషికి 1,450 రూపాయలు కట్టాం. వైపర్, నార్త్ బే, రాస్, ఇవీ ఆ మూడు. తీరా వెళ్తే వైపర్‌ని పడవలోంచే చూపించారు. వైస్రాయ్ లార్డ్ మేయోని చంపిన ఖైదీ షేర్ అలీని 1872లో ఉరితీసిన చోటు అది, ఒక్క అడుగు కూడా పెట్టనివ్వలేదు. నార్త్ బేలో మూడు గంటలు. రాస్‌కి యాభై నిమిషాలు!

నార్త్ బేలో దిగీ దిగకముందే స్కూబా, జెట్ స్కీ రేట్ల కార్డు చేతిలో పెట్టారు. మావారికి నీళ్ళంటే భయం, అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. ఎనభై రూపాయల కొబ్బరిబొండాలు తాగుతూ, ఎదురుగా కనబడుతున్న రాస్‌ని చూస్తూ చెట్టుకింద కూర్చున్నాం. మావారు ఏజెంటుకి ఫోన్ చేస్తూనే ఉన్నారు, అతను ఎత్తితే ఒట్టు.

రాస్ పేరు 2018లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయింది. పోర్ట్ బ్లెయిర్ కూడా 2024లో శ్రీ విజయ పురం అయింది. జెట్టీ దగ్గర మాత్రం అందరూ రాస్ అనే అంటారు. 1858లో ఖైదీల స్థావరం పెట్టిన దగ్గర్నుంచి 1941 దాకా బ్రిటిష్‌వాళ్ళు అండమాన్‌ని ఏలింది ఇక్కడినుంచే. మొత్తం ద్వీపం చదరపు కిలోమీటరులో మూడోవంతు కూడా ఉండదు. అందులోనే చర్చి, బేకరీ, క్లబ్బు, టెన్నిస్ కోర్టు, ఈతకొలను కట్టించుకున్నారు. అడవి నరికి చదును చేసింది ఖైదీలే.

దిబ్బ మీద ఉన్న చీఫ్ కమిషనర్ బంగళా కోసమే నేను వెళ్ళాను. పైకప్పు ఎప్పుడో పోయింది. మిగిలిన గోడల్ని మర్రి, రావి వేళ్ళు అల్లుకుపోయాయి. నా నడుమంత లావు వేరు ఒకటి కిటికీలోంచి లోపలికి దిగి, గోడ పొడుగునా పాకి, గుమ్మం దగ్గర నేలలోకి పోయింది. ఎక్కడ ఇటుక అయిపోయి ఎక్కడ వేరు మొదలైందో తడిమి చూస్తేగాని తెలియదు. చెట్టు కొట్టేస్తే గోడ పడిపోతుంది, ఉంచితే రోజుకింత చీలుస్తుంది. బాగుచేయడానికి వీల్లేని ఇల్లు.

1941 జూన్ భూకంపం తర్వాత బ్రిటిష్‌వాళ్ళు ఆఫీసుల్ని పోర్ట్ బ్లెయిర్‌కి మార్చేశారు. మరుసటి ఏడాది మార్చిలో జపాన్‌వాళ్ళు దిగారు. వాళ్ళ బంకర్లు ఇప్పటికీ ఉన్నాయి. 1979లో ద్వీపం నేవీ చేతికి వచ్చింది కాబట్టే ఈ మాత్రం శుభ్రంగా ఉందని నా అభిప్రాయం.

అత్తగారు బ్యాటరీ బండిలో పైకి వచ్చారు. నీళ్ళకి అవతల సెల్యులార్ జైలు ఎటువైపో అడిగి తెలుసుకుని, “అటు జైలు పెట్టుకుని ఇక్కడ టెన్నిస్ ఎలా ఆడారే తల్లీ!” అన్నారు. మావాడికి బంగళా పట్టలేదు, జింకలు చాలు వాడికి. నేనింకా వెనకవైపు గదులకి వెళ్ళనే లేదు, పడవవాడు విజిల్ వేశాడు. చర్చి, సమాధులు చూడలేదని బతిమాలితే, “గూగుల్‌లో ఉంటాయి మేడమ్” అన్నాడు. ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు జెట్టీ కౌంటర్‌లో రాస్‌కి మాత్రమే టికెట్ కొని మళ్ళీ వెళ్ళాం. ప్యాకేజీలో సగం కూడా కాలేదు, ప్రయాణం పావుగంటే. ఈసారి ఎవరూ తరమలేదు. సమాధుల్లో పసిపిల్లలవి కూడా ఉన్నాయి, అక్కడ మావారు కూడా మాట్లాడలేదు. పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నానికి ఉక్క తట్టుకోలేం. బుధవారం మాత్రం వెళ్ళకండి, ఆ రోజు సందర్శకులకి సెలవు.

అదే ఏజెంటు బుక్ చేసిన లాడ్జి రోజుకి 2,800. ‘సీ వ్యూ’ అన్నారు. నిజమే, బాత్రూమ్ వెంటిలేటర్ దగ్గర స్టూలు వేసుకుంటే సముద్రం కనిపిస్తుంది. వేడినీళ్ళు ఆరు నుంచి ఏడు దాకానే. దుప్పటి మార్చమంటే రిసెప్షన్ అబ్బాయి దాన్ని తిరగేసి పరిచి వెళ్ళాడు.

ఆ కోపమంతా తీర్చింది అబర్డీన్ బజారు సందులో ఒక చిన్న మెస్. భోజనం 160, చేప ముక్కకి 90. పప్పులో మామిడికాయ, చేపల పులుసు, పక్కన ఆవకాయ! వడ్డించే ఆవిడది సోంపేట. పోర్ట్ బ్లెయిర్‌లో శ్రీకాకుళంవాళ్ళు చాలామంది ఉన్నారు. చెన్నై పెరంబూర్‌లో ఇన్నేళ్ళుగా కూరగాయల బండి దగ్గర తమిళంలో బేరమాడే మా అత్తగారు, సముద్రం దాటి వచ్చి, “కూర ఇంకాస్త ఏసుకోండమ్మా” అన్న మాట విని మూడోసారి అన్నం పెట్టించుకున్నారు. ఉన్నన్నాళ్ళూ రాత్రి భోజనం అక్కడే.

హావ్‌లాక్ ద్వీపం కూడా బాగుంది, అందరూ రాసేదే.

చెన్నై వచ్చాక ఏజెంటు ఆఫీసుకి వెళ్ళి వైపర్ డబ్బులు అడిగాం. మనిషికి 200 ఇస్తానన్నాడు, అదీ వచ్చే ట్రిప్‌లో తగ్గిస్తాడట. మావారు వాదిస్తుంటే అత్తగారు మెట్ల దగ్గర్నుంచే, “వచ్చే ట్రిప్ ఎవరిది నాయనా, నీదా?” అని అడిగారు. 800 రూపాయలు అక్కడికక్కడే ఇచ్చాడు.