సమాన బడి అడగాలా, ఒకే బడి అడగాలా? నల్లజాతి లాయర్ల రెండు దారుల్లో ఏది మేలు?

1951 ఏప్రిల్‌లో, అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, ఫార్మ్‌విల్‌లో నల్లజాతి పిల్లలు సమ్మెకు దిగారు. వాళ్ల మోటన్ హైస్కూల్‌ను 180 మంది కోసం కట్టారు, చదివేది 450 మందికి పైనే. చోటు చాలక తారు కాగితం కప్పిన షెడ్లు వేశారు. వానొస్తే కారేవి. చలికాలంలో పొయ్యి పక్కనున్నవాళ్లకు ఉక్కపోత, దూరంగా ఉన్నవాళ్లకు వణుకు. సమ్మె నడిపిన బార్బరా జాన్స్‌కు పదహారేళ్లు.

పిల్లలు కోరుకున్నది మంచి బిల్డింగ్. వచ్చిన లాయర్లు ఆలివర్ హిల్, స్పాట్స్‌వుడ్ రాబిన్సన్ మాత్రం ఒక షరతు పెట్టారు: బిల్డింగ్ కోసమైతే కేసు పట్టం, తెల్లపిల్లలతో కలిపి చదివించాలని అడిగితేనే పడతాం. ఆ షరతు న్యాయమేనా?

పాత దారి నల్లజాతి లాయర్ చార్లెస్ హ్యామిల్టన్ హ్యూస్టన్ వేసింది. నల్లవాళ్లను, తెల్లవాళ్లను విడిగా ఉంచినా సౌకర్యాలు సమానంగా ఉంటే చాలని సుప్రీంకోర్టు 1896లోనే తేల్చేసింది. ఆ తీర్పు జోలికి పోకుండా, ‘సమానమంటున్నారుగా, ఏదీ చూపించండి’ అని నిలదీయడం ఆయన పద్ధతి. రెండేసి బడులు నిజంగా సమానంగా నడపాలంటే రాష్ట్రాల ఖజానా తట్టుకోలేదని ఆయన లెక్క. సౌత్ కరోలినాలో సినిమా కెమెరాతో తిరిగి నల్లవాళ్ల బడుల దుస్థితిని రికార్డు చేశారు. హోవర్డ్ యూనివర్సిటీ లా స్కూల్లో ఆయన తీర్చిదిద్దిన శిష్యుడే థర్‌గుడ్ మార్షల్. ఇద్దరూ కలిసి 1936 నాటికి నల్లజాతి విద్యార్థులకు మేరీలాండ్ లా స్కూల్ తలుపులు తెరిపించారు. నల్లజాతి టీచర్లకూ తెల్ల టీచర్లతో సమానంగా జీతాలివ్వాలని ఊరూరా కేసులు గెలిచారు. ఒక టీచరమ్మ చేతికి నెలనెలా వచ్చే డబ్బు పెరగడం చిన్న విషయం కాదు.

కానీ ఈ దారిలో ఎంత గెలిచినా మిగిలేది ఇంకో విడి బడే. టెక్సాస్‌లో హీమన్ స్వెట్ అనే నల్లజాతి వ్యక్తి లా సీటు అడిగితే, ఆస్టిన్‌లో ఒక బేస్‌మెంట్‌లో గదులు తీసుకుని ‘ఇదే నీ లా స్కూల్’ అన్నారు. అది సమానం కాదని 1950లో సుప్రీంకోర్టు చెప్పింది. కాలేజీకున్న పేరు, పూర్వ విద్యార్థుల పలుకుబడి లాంటివి గదులు కట్టినంత మాత్రాన రావు కదా. ఆ తర్వాతే మార్షల్ బృందం విడదీయడమే తప్పని నేరుగా వాదించడానికి సిద్ధపడింది.

ఇదే మాట పౌలీ మర్రే 1944లోనే, హోవర్డ్ లా విద్యార్థినిగా చెప్పింది. క్లాసంతా నవ్వారు. 1896 తీర్పు పాతికేళ్లలో పోతుందని ఆమె పది డాలర్లు పందెం కాసింది, అదీ తమ ప్రొఫెసర్ రాబిన్సన్‌తోనే! తర్వాత ఆ కేసులకు సిద్ధమయ్యేటప్పుడు ఆయనే ఆమె రాసిన పేపర్ బయటికి తీశారు. ఈ చరిత్రలో ఆమె పేరు ఇంత తక్కువగా వినబడటం నాకు బాధగా ఉంటుంది.

ఫార్మ్‌విల్ కేసుతో సహా ఐదు కేసులు కలిపి విన్న సుప్రీంకోర్టు, 1954 మే 17న బడుల్లో పిల్లల్ని విడదీయడం చెల్లదని ఏకగ్రీవంగా తీర్పిచ్చింది. ఈ రెండో దారికి పడిన మూల్యం తక్కువేమీ కాదు. బడులు కలిపేటప్పుడు వేలమంది నల్లజాతి టీచర్ల ఉద్యోగాలు పోయాయి. ఏ టీచర్ల జీతాల కోసం పోరాడారో, ఆ వర్గమే నష్టపోయింది. ఫార్మ్‌విల్ ఉన్న ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ అయితే, పిల్లల్ని కలపాల్సి వస్తుందని 1959లో ప్రభుత్వ బడులన్నీ మూసేసింది. తెల్లపిల్లలకు ప్రైవేటు బడి పెట్టుకున్నారు. నల్లపిల్లల్లో చాలామందికి 1964 దాకా చదువే లేదు. ఎనిమిదేళ్ల పిల్ల పదమూడేళ్లది అయ్యేంత కాలం అది.

అయినా నా ఓటు రెండో దారికే. 1935లో అయితే హ్యూస్టన్ మాటే వినేదాన్ని. అప్పటికి చేతిలో గెలిచిన కేసుల్లేవు, నేరుగా వెళ్లి ఓడిపోతే 1896 తీర్పు ఇంకా బిగుసుకునేది. 1951కి పరిస్థితి మారింది. పైగా పిల్లలు మొదట కోరుకున్న కొత్త బిల్డింగ్ నిజంగానే వచ్చింది, 1953లో, కేసు ఇంకా నడుస్తుండగానే. కౌంటీ 1959లో తాళం వేసిన బడుల్లో అదీ ఒకటి.