పెరటి తొట్టిలో ట్రౌట్: నాలుగు చలికాలాల మేత లెక్క

మెల్‌బోర్న్‌కి పశ్చిమాన టార్నీట్‌లో మా పెరట్లో 1000 లీటర్ల ఐబీసీ ట్యాంకు (ఇనప చట్రంలో ఉండే పెద్ద ప్లాస్టిక్ తొట్టి) పెట్టి నాలుగేళ్లు దాటింది. ఇంకో ట్యాంకుని అడ్డంగా కోసి రెండు గ్రో బెడ్లు, అంటే మొక్కలు పెంచే మళ్లు, చేశాను. వాటిలో స్కోరియా అనే ఎర్రటి, చిల్లులుండే అగ్నిపర్వత రాళ్లు. చేపల నీళ్లు పంపుతో బెడ్లలోకి ఎక్కుతాయి, బెడ్ నిండగానే నీళ్లు దించేసే బెల్ సైఫన్ అనే గొట్టం గుండా మళ్లీ ట్యాంకులో పడతాయి. ఏప్రిల్ చివర్లో రెయిన్‌బో ట్రౌట్ పిల్లల్ని వేస్తాను, నవంబర్‌లో తీసేస్తాను. ఇక్కడి వేసవిలో 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి కాబట్టి ట్రౌట్ బతకదు. ఏడాది పొడవునా తిలాపియా పెంచుకుందామంటే ఈ దేశంలో అది నిషిద్ధం. అలా ట్రౌట్ మాకు చలికాలం పంట అయింది.

ముందుగా ఫలితం చెప్పేస్తాను. కిందటేడు 40 పిల్లలు వేశాను, ఒక్కోటి సగటున 25 గ్రాములు. నవంబర్ 20 నాటికి 37 చేపలు దక్కాయి, సగటు బరువు 300 గ్రాములకి కాస్త పైన. పట్టిన మేత దాదాపు 13 కిలోలు. అంటే కిలో బరువు పెరగడానికి కిలోంబావు మేత. పెద్ద ట్రౌట్ ఫారాల్లో కిలోకి కిలో దగ్గరికి తెస్తారు. పెరటి తొట్టికి ఇది చాలు అనిపిస్తుంది నాకు.

మొదటి ఏడాది మాత్రం ఇలా లేదు.

అప్పుడు 70 పిల్లలు తెచ్చాను, ఆశ. మేత సంచి వెనక ఒక పట్టిక ఉంటుంది: చేప బరువు ఇంత, నీళ్ల వేడి ఇంత అయితే రోజుకి ఒంటి బరువులో ఇంత శాతం వేయండి అని. నేను 15 డిగ్రీల వరస చూసి 2 శాతానికి పైనే వేస్తూ పోయాను. జూన్‌లో మా ట్యాంకు నీళ్లు 10 డిగ్రీలు. ట్రౌట్‌కి 12 నుంచి 17 డిగ్రీల మధ్య బాగా ఆకలి. 10కి దిగితే తింటుంది గానీ నెమ్మదిగా తింటుంది, నెమ్మదిగా అరిగించుకుంటుంది. అడుగున గుళికలు మిగలడం చూసి కూడా, రేపు తింటాయిలే అనుకున్నాను.

అంతకంటే పెద్ద పొరపాటు ఇంకోటి. ఏప్రిల్‌లో పెట్టిన కొత్త బెడ్లు అవి. అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా రాళ్లకి పట్టాలంటే వెచ్చదనంలోనే వారాలు పడుతుంది. చలిలో ఇంకా ఆలస్యం. ట్రౌట్ మేతలో ప్రొటీన్ 40 శాతం పైనే ఉంటుంది. 100 గ్రాములు వేస్తే దాదాపు 3 గ్రాముల అమ్మోనియా నీళ్లలోకి వస్తుందని లెక్క. నేను రోజుకి 60 గ్రాములు వేస్తున్నాను, తినేసే బాక్టీరియా ఇంకా పుట్టనే లేదు. టెస్ట్ కిట్‌లో రంగు రోజురోజుకీ ముదిరింది. తర్వాత నైట్రైట్ లేచింది. ఒకరోజు పొద్దున్నే చూస్తే చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. గాలి బుడగలు బాగానే వస్తున్నాయి, ఆక్సిజన్‌కి లోటు లేదు. నైట్రైట్ రక్తంలోకి వెళ్తే, నీళ్లలో ఆక్సిజన్ ఉన్నా రక్తం దాన్ని మోయలేదు. చచ్చిన చేప మొప్పలు ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాల్సినవి గోధుమ రంగులో ఉన్నాయి. ఆ వారంలో 23 పోయాయి.

కైకలూరు దగ్గర మా మావయ్యకి బొచ్చె, శీలావతి చెరువులున్నాయి. టెన్షన్‌లో ఆయనకి వీడియో కాల్ చేశాను. తొట్టి చూసి నవ్వాడు. "చేప తింటదిలే అల్లుడూ. తిన్నది నీ నీళ్లు మొయ్యాలి గదా" అన్నాడు. వాళ్ల దగ్గర తవుడు, నూనెగింజల చెక్క కలిపి చిల్లుల సంచుల్లో పోసి, చెరువులో పాతిన కర్రలకి కట్టి వేలాడదీస్తారు. మర్నాడు సంచి ఖాళీగా ఉందా, మిగిలిందా చూసి ఆ రోజు మేత నిర్ణయిస్తారు. పట్టికలతో పని లేదు.

నాలుగు రోజులు మేత పూర్తిగా ఆపేశాను. ట్రౌట్‌కి ఆ ఉపవాసం లెక్కలోది కాదు. క్లోరిన్ పోయేలా ఒక రోజు డ్రమ్ములో గాలి కొట్టిన నీళ్లతో రోజూ పావు వంతు మార్చాను. లీటరుకి గ్రాము చొప్పున అయోడిన్ లేని ఉప్పు కలిపాను. ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ని మొప్పల దగ్గర అడ్డుకుంటుంది. చేపలు నిలబడ్డాయి, బెడ్‌లోని స్ట్రాబెర్రీలు మాత్రం మాడిపోయాయి.

రెండో ఏడాది నుంచి పద్ధతి మార్చాను. వేసవిలో కూడా ట్యాంకు ఖాళీ చేయను, ఓ డజను గోల్డ్‌ఫిష్ ఉంచి బాక్టీరియాని బతికిస్తాను. పిల్లలు 40కి మించవు. రోజు మేత రెండు పూటలు. థర్మామీటర్ చూడందే డబ్బా మూత తీయను. కిందటేడు పుస్తకంలో రాసుకున్నది ఇది. మేలో నీళ్లు 13 డిగ్రీలు, 2 శాతం, నెలాఖరుకి చేప 44 గ్రాములు. జూలైలో 9, 10 డిగ్రీల మధ్య, 1.2 శాతం, నెలాఖరుకి 88. సెప్టెంబర్లో మళ్లీ 13 డిగ్రీలు, శాతం 1.5, నెలాఖరుకి 168. అక్టోబర్లో 15 దాటింది, 1.4 శాతం, నెలాఖరుకి 240. శాతం తగ్గుతున్నట్టు కనిపిస్తుంది గానీ ఒళ్లు పెరిగింది కదా, మేలో రోజుకి 25, 30 గ్రాములు వేసినవాణ్ని అక్టోబర్లో 110 వేశాను. మొత్తం పెరుగుదలలో సగం చివరి యాభై రోజుల్లోనే వస్తుంది. జూలైలో చేప పెరగడం లేదని బెంగపడి మేత పెంచేవాళ్లకి ఈ ఒక్క సంగతీ చెప్పాలనిపిస్తుంది.

110 దగ్గర ఆగడానికి కారణం ఉంది. నా బెడ్లు రెండూ కలిపి రెండు చదరపు మీటర్లు. అక్టోబర్లో ఒకసారి 140కి వెళ్లి చూశాను, మూడో రోజుకే అమ్మోనియా కనిపించింది. చేపలు ఇంకా అడుగుతూనే ఉన్నాయి. అవి ఎప్పుడూ అడుగుతాయి.

నెలకోసారి పది చేపల్ని చేతివలతో తీసి, నీళ్లున్న బకెట్‌ని ముందే తూకం వేసి అందులో వేసి తూస్తాను. ముందురోజు మేత పెట్టను. పొట్ట ఖాళీగా ఉంటే తూకం నిజం చెబుతుంది, చేపకీ ఒత్తిడి తక్కువ.

మెల్‌బోర్న్ కుళాయి నీళ్లు చాలా మెత్తనివి, అంటే సున్నం లాంటి లవణాలు తక్కువ. ఇది మంచిదే అనుకున్నాను, చెడ్డదని మూడో ఏడాది తెలిసింది. బాక్టీరియా అమ్మోనియాని తినేటప్పుడు నీళ్లలోని క్షారాన్ని కూడా ఖర్చు చేస్తుంది. మేత పెరిగిన కొద్దీ ఈ ఖర్చు పెరుగుతుంది. ఆగస్టులో పీహెచ్ 6కి పడిపోయింది, బాక్టీరియా నీరసించింది, అమ్మోనియా మళ్లీ లేచింది. "సున్నం వెయ్యి" అన్నాడు మావయ్య. ఎకరాల చెరువుకి అది సరే. చిన్న తొట్టిలో సున్నంతో పీహెచ్ ఒక్కసారిగా ఎగిరితే అంతవరకూ పెద్దగా హాని చేయని అమ్మోనియా విషమవుతుంది. క్షారం మెల్లగా కలిసేలా కోళ్లకి పెట్టే షెల్ గ్రిట్ (నలగ్గొట్టిన ఆల్చిప్పలు) వలసంచిలో కట్టి నీళ్లు పడే చోట వేలాడదీశాను, వారానికోసారి కొంచెం పొటాషియం బైకార్బొనేట్ కరిగించి పోస్తున్నాను. ఆ పొటాషియం మొక్కలకీ పనికొస్తుంది.

మేత గురించి. తేలే గుళికలే కొనండి. ఎంత తిన్నాయో కళ్లతో చూడొచ్చు, మా మావయ్య సంచి చూసినట్టే. అయిదు నిమిషాల తర్వాత పైన తేలుతున్నవి ఉంటే తీసేసి ఆ పూట ఆపేస్తాను. పిల్లలకి 2 మిల్లీమీటర్లు, 50 గ్రాములు దాటాక 3, 100 దాటాక 4. 20 కిలోల సంచి చవకే గానీ నాకు సీజన్‌కి 13 కిలోలే పడుతుంది. మిగిలినదాన్ని మరుసటి ఏడాదికి దాస్తే అందులోని చేప నూనె ముక్కిపోతుంది. ఒకసారి ఆ వాసన తెలిసీ వేశాను, నోట్లో పెట్టుకుని ఉమ్మేశాయి. ఇప్పుడు ఇంకో ఇద్దరితో కలిసి సంచి పంచుకుంటున్నాం.

ఆటోమేటిక్ ఫీడర్ మీద డబ్బు పెట్టకండి, కనీసం చలికాలంలో. నాది మంచుకి చెమ్మగిల్లి గుళికలు గడ్డకట్టాయి. రెండు రోజులు ఏమీ పడలేదు, మూడో రోజు డబ్బా మొత్తం ఒకేసారి పడింది. ఊరెళ్తే నాలుగు రోజులు పస్తు ఉంచడమే మేలు.

చివరి నెల జాగ్రత్తగా ఉండాలి. నీళ్లు వేడెక్కిన కొద్దీ ఆక్సిజన్ తక్కువ పడుతుంది. 10 డిగ్రీల దగ్గర లీటరుకి 11 మిల్లీగ్రాముల పైన పట్టేది 25 దగ్గర 8కి దిగుతుంది, అదే సమయంలో తిన్న చేపకి అవసరం పెరుగుతుంది. రెండో ఏడాది నవంబర్లో ఒక ఎండరోజు నీళ్లు 23కి చేరాయి. పొద్దున మామూలుగా మేత వేసి ఆఫీసుకి వెళ్లాను. సాయంత్రానికి 11 చేపలు చచ్చిపోయాయి. ఇప్పుడు 20 దాటితే మేత లేదు, 21 దాటుతుందని వాతావరణం చెబితే ఆ ముందురోజే మొత్తం పట్టేస్తాను. బ్యాటరీ మీద నడిచే ఎయిర్ పంపు ఒకటి ఎప్పుడూ చార్జ్‌లో ఉంటుంది. ట్యాంకు మీద వల కూడా తప్పదు, ఇవి ఎగురుతాయి.

మొక్కల సంగతికొస్తే కొత్తిమీర, మెంతికూర, చుక్కకూర, పాలకూర విరగబడి వస్తాయి. ఆకులు పసుపుపచ్చగా తిరిగితే కీలేటెడ్ ఐరన్ (మొక్క తేలిగ్గా పీల్చుకునే ఇనుము) కొంచెం వేస్తాను, మేతలో ఇనుము మొక్కకి చాలదు. గోంగూర మాత్రం ఆ చలికి మొండికేస్తుంది.

లాభమా అంటే లేదు. పిల్లలు, మేత, కరెంటు కలిపితే కొట్టులో చేప కంటే చవక పడదు. పులుసుకి ఇది బొచ్చెలా నిలబడదు, గరిటె తగిలితే చితికిపోతుంది. పసుపు, కారం, నిమ్మరసం పట్టించి పెనం మీద వేపితే మా పిల్లలు తలతో సహా వదలరు. నవంబర్‌లో పట్టినప్పుడు మావయ్యకి ఒకటి కెమెరా ముందు పెట్టి చూపించాను. ఏడు నెలలకి 300 గ్రాములా అని ఆశ్చర్యపోయాడు, వాళ్ల బొచ్చె ఏడాదిలో కిలో వస్తుంది. తర్వాత కాసేపు ఆగి, "మరి ముల్లెక్కువుంటదా?" అని అడిగాడు. తక్కువే అన్నాను. ఈ ఏడాది వీసా వస్తే ఆయనే వచ్చి పట్టుబడి చేయిస్తానన్నాడు.