జెసూట్ బడా, డాన్ బాస్కో బడా?

రెండూ కాథలిక్ బడులే, రెండూ సంపూర్ణ వికాసం అనే అంటాయి, కానీ అక్కడ రోజు గడిచే తీరు చూస్తే తేడా ఇట్టే తెలిసిపోతుంది.

జెసూట్‌లు అంటే ఒక కాథలిక్ సన్యాసి సంఘం వాళ్లు; వీళ్లు చదువు దారిలోనే మనిషిని మలచాలని చూస్తారు. 1548లో సిసిలీలోని మెస్సినాలో బడి పెట్టారు, 1599 కల్లా ఏ తరగతిలో ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో నియమావళే రాసేసుకున్నారు. వక్తృత్వం, వాదన, నాటకం అప్పటినుంచీ ఉన్నవే. నాకు బాగా నచ్చేది ఎగ్జామెన్: కాసేపు మౌనంగా కూర్చుని, ఈ రోజు ఏం చేశాను, ఎక్కడ తప్పాను అని తనను తాను అడిగి చూసుకోవడం. మన విజయవాడలో 1953లో మొదలైన ఆంధ్ర లయోలా కాలేజీ వీళ్లదే.

డాన్ బాస్కో అనే ఇటలీ ఫాదర్ లెక్క వేరు, ఆ బడులకు ఆయన పేరే. 1840ల్లో పని వెతుక్కుంటూ ఇటలీలోని ట్యూరిన్ నగరానికి వచ్చి దిక్కులేక తిరుగుతున్న కుర్రాళ్లను చేరదీసిన ఆయన, తప్పు చేశాక దండించే కంటే, ఆ అవకాశమే రాకుండా పెద్దవాళ్లు పక్కనే ఉండాలన్నాడు. అందుకే అక్కడ ఆటస్థలానికి క్లాస్‌రూమ్ అంత విలువ, ఫాదర్ కూడా పిల్లలతో బంతి తన్నాల్సిందే! హాస్టల్లో పడుకోబోయే ముందు రెండు మంచి మాటలు చెప్పే అలవాటూ ఆయనదే. చెప్పులు కుట్టడం, బుక్ బైండింగ్ లాంటి పనులూ నేర్పించాడు.

మీవాడు మాటకారి, పుస్తకాల పురుగు అయితే జెసూట్ బడికే నా ఓటు. కుదురు లేనివాడు, గట్టిగా తిడితే ముడుచుకుపోయేవాడు అయితే రెండోదే నయం. అయితే గేటు మీద పేరు బోర్డు చూసి చేర్పించేయకండి, ర్యాంకుల టెన్షన్ ఎక్కడైనా ఉండొచ్చు. ఇంటర్వెల్ టైమ్‌లో వెళ్లి, టీచర్లు గ్రౌండ్‌లో ఉన్నారా స్టాఫ్‌రూమ్‌లో ఉన్నారా చూసుకోండి.