ఫారెస్ట్ థెరపీ అని పిలిచి మందుల సంచికి తాళం వేశారు: జాగ్రత్త

వికారాబాద్ వైపు అనంతగిరి కొండల్లో ‘ఫారెస్ట్ థెరపీ’ శిబిరం నడిపేవారి పచ్చపచ్చటి వీడియోలు ఇన్‌స్టాగ్రామ్‌లో మీకూ కనబడుతూనే ఉంటాయి కనుక, పేరు చెప్పి వారికి ఉచిత ప్రచారం కల్పించను. మనసు ఉన్మాదానికీ, కుంగుబాటుకీ మధ్య ఊగిసలాడే బైపోలార్ రుగ్మత ఉన్న మా తమ్ముడికి తోడుగా నేనూ వెళ్లాను. ఇద్దరికీ కలిపి 28 వేల రూపాయలు ముందే కట్టించుకున్నారు. వాడు ఆ రుగ్మతకు లిథియం అనే మందు వాడుతున్నాడని దరఖాస్తులో స్పష్టంగా రాశాను, అన్నీ మేం చూసుకుంటామని ఫోన్‌లో హామీ కూడా ఇచ్చారు.

చేరగానే ‘డిజిటల్ డిటాక్స్’ పేరుతో ఫోన్లు తీసుకున్నారు. వాటితో పాటు వాడి మందుల సంచిని కూడా పెట్టెలో వేసి తాళం పెట్టారన్న సంగతి రాత్రి భోజనాలయ్యాక గానీ నాకు తెలియలేదు. మాత్ర వేసుకునే వేళయిందని అడిగితే, శిబిరం నడిపే పెద్దమనిషి కూర్చున్నచోటు నుంచి కదలకుండానే, "ఈ రసాయనాల వల్లే మీ తమ్ముడికి పిచ్చి ముదిరిందమ్మా, రెండు రోజులు అడవికి అప్పగించండి" అన్నారు. దగ్గరి బంధువులకు కూడా మేం చెప్పుకోని విషయాన్ని, మంట చుట్టూ కూర్చున్న అపరిచితులందరికీ వినబడేటట్టు అన్నారు. సైకియాట్రిస్టు రాసిన మందు ఆపమనడానికి మీకున్న అర్హత ఏమిటని అడిగాను. ఆయన నవ్వి, "చెట్టు ఏ డిగ్రీ చదివి నీడనిస్తోందమ్మా?" అన్నారు. దానికి కొందరు చప్పట్లు కొట్టారు. వాడు మాత్రం తల దించుకుని మౌనంగా లేచి గదిలోకి వెళ్లిపోయాడు. డబ్బు పోయినందుకు కాదు, ఆ చప్పట్లు గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతోంది.

చివరికి తాళం తీసి సంచి ఇచ్చింది అక్కడి వాచ్‌మన్. ఆ రాత్రే బయలుదేరి వచ్చేశాం.

లిథియం ఉన్నట్టుండి ఆపితే ఉన్మాద దశ తిరగబెట్టే ప్రమాదం ఉంది. పైగా ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో ఆ మందు స్థాయి పెరిగి విషమించవచ్చు, అందుకే డాక్టర్లు తరచూ రక్తపరీక్ష చేయిస్తారు. ఈ మహానుభావుల కార్యక్రమంలో ఉన్నవేమో ఉప్పు లేని పచ్చి ఆహారం, మిట్టమధ్యాహ్నం కొండ నడక! మందు వాడినా ముప్పే, మానినా ముప్పే అన్నట్టు ఎంత ముందుచూపుతో ఏర్పాటు చేశారో చూడండి.

అడవి మీద నాకు కోపం లేదు. 1982లో జపాన్ అటవీ శాఖ ‘షిన్‌రిన్ యోకు’ అనే అడవి స్నానాన్ని ప్రోత్సహించినప్పుడు అడవిలో నెమ్మదిగా తిరగమంది గానీ, మాత్రలు పారేయమనలేదు. ఇంగ్లండ్‌లో 2021 నుంచి కొన్ని ప్రాంతాల్లో తోటపని, ప్రకృతిలో నడక వంటివాటికి మనుషులను పంపే పథకాన్ని ఆరోగ్య సేవలతో కలిపే నడిపారు. మన దగ్గర మాత్రం నాలుగు చెట్లు, ఒక డ్రోన్ కెమెరా ఉంటే థెరపిస్టు తయారైపోతున్నాడు.

డబ్బు తిరిగి ఇవ్వమంటే, "మీ సోదరుడి ప్రతిఘటన వల్ల ఫలితం రాలేదు" అని జవాబు పంపారు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేశాను.

వెళ్లదలచినవారు ముందుగా మీ డాక్టరుతో మాట్లాడండి. క్లినికల్ సైకాలజిస్టు ఉన్నారంటే, వారిని నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. మానసిక రోగులను చేర్చుకుని, ఉంచి చికిత్స చేసే కేంద్రాలు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నమోదు కావాలి. మందుల సంచి ఎవరి చేతికీ ఇవ్వకండి. డబ్బు కట్టే ముందే రశీదు నమూనా తెప్పించుకోండి. ఉద్యోగమంతా ఇతరుల బిల్లుల్లో తప్పులు పట్టిన ఈ ఆడిటరమ్మ తన రశీదును ఇంటికొచ్చాక తీరిగ్గా చదివింది: అందులో థెరపీ అన్న మాటే లేదు, ‘వసతి, భోజనం’ అని మాత్రమే ఉంది.