రెండేళ్లు చేతికి కట్టుకుని పండుకున్నాక: ఫిట్‌నెస్ బ్యాండు నిద్ర లెక్కల మీద ఒక సమీక్ష

ముందే చెప్పేస్తా. మీరు ఎన్నింటికి పక్క మీదికి చేరారు, ఎన్నింటికి లేచారు అన్నది బ్యాండు ఫర్వాలేదనిపించేలా చెప్తుంది. ఆ మధ్యలో జరిగిందంతా దాని అంచనా. అంచనా వేయడం తప్పు కాదు. దాన్ని గంటలు, నిమిషాలతో సహా రంగుల పట్టీలు గీసి, కింద నూటికి ఇన్ని మార్కులని వేసి, కొలిచినట్టు చూపించడమే నాకు నచ్చలేదు.

నేను జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో, క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో చేస్తా. ఉండేది మహబూబ్‌నగర్. షిఫ్టులు మారుతుంటాయి, సి షిఫ్టు పడితే రాత్రంతా డ్యూటీ. కొలిచే యంత్రాన్ని నమ్మే ముందు దాన్ని పరీక్షించడమే మా పని. బ్యాలెన్స్ మీద స్టాండర్డ్ వెయిట్లు పెట్టి చూడనిదే మందు పొడి తూచనివ్వరు. ద్రావణం పులుపును కొలిచే పీహెచ్ మీటరు, విలువ ముందే తెలిసిన బఫర్ ద్రావణాల్లో సరిగ్గా చూపించనిదే ఆ రోజు దాన్ని ముట్టరు. ఈ అలవాటుతోనే బ్యాండును చూశా కాబట్టి మామూలుగా వాడేవాళ్లకంటే కాస్త కోపంగా రాస్తున్నానేమో.

బ్యాండు రెండు వేల చిల్లరది. పేరు రాయడం లేదు. ల్యాబ్‌లో నా తోటివాళ్ల చేతులకున్నవి వేరే కంపెనీలవి, కొన్ని దీనికి మూడింతల ధరవి. నిద్ర సంగతికొచ్చేసరికి అందరి ఫిర్యాదూ ఒకటే.

దాంట్లో నిద్రను కొలిచే పరికరమంటూ ఏదీ లేదు. ఉన్నవి రెండు. ఒకటి చెయ్యి కదలికను పట్టే యాక్సిలరోమీటర్. రెండోది చర్మంలోకి పచ్చ లైటు కొట్టి నాడి లెక్కపెట్టే సెన్సరు. రక్తం పచ్చ వెలుతురును బాగా పీల్చుకుంటుంది, అందుకని గుండె కొట్టుకున్నప్పుడల్లా తిరిగొచ్చే వెలుతురు కొంచెం తగ్గుతుంది. చెయ్యి మెదలడం లేదు, నాడి నెమ్మదించింది అంటే నిద్ర అని రాసుకుంటుంది. ఆ నాడి చప్పుళ్ల మధ్య ఎడం ఎట్లా మారుతోందో చూసి ఇది గాఢనిద్ర, ఇది తేలిక నిద్ర, ఇది కలల నిద్ర అని పంచి పెడుతుంది.

అసలు ఆ దశలను డాక్టర్లు విడదీసింది మెదడు తరంగాలను బట్టి. స్లీప్ ల్యాబ్‌లో తల మీద, కళ్ల పక్కన, గడ్డం కింద ఎలక్ట్రోడ్లు అంటించి, రాత్రంతా రికార్డు చేసి, దాన్ని 30 సెకన్ల ముక్కలుగా కోసి ఒక్కో ముక్కకు దశ రాస్తారు. కలల నిద్రను 1953లో షికాగోలో అజెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే పరిశోధకులు బయటపెట్టింది నిద్రలో రెప్పల కింద గుడ్లు గబగబా తిరగడం చూసి. మణికట్టు దగ్గర గుడ్లూ లేవు, మెదడూ లేదు. తల మీద వైర్లు పెట్టి తీసిన రికార్డునే శిక్షణ పొందిన ఇద్దరు చదివితే నూటికి ఎనభై చిల్లర ముక్కల్లోనే ఏకాభిప్రాయానికి వస్తారు. అట్లాంటిది నాడిని చూసి "గాఢనిద్ర 1 గంట 17 నిమిషాలు" అని రాయడం చూస్తే, మా ల్యాబ్‌లో అయితే ఆ 17 పక్కన ప్లస్సో మైనస్సో ఎంతని అడుగుతారు. యాప్‌లో ఎంత వెతికినా ఆ మాట లేదు.

మా నాయిన సంగతి చెప్పాలి. ఊరు దేవరకద్ర వైపు. యాసంగిలో పల్లి వేస్తాడు, కాయ ఊరే టైముకు అడవి పందులు దిగుతాయి. మంద ఒక్క రాత్రి చేలో పడిందంటే ఏరుకోవడానికి ఏమీ మిగలదు. అందుకని ఆ నెల రోజులు మంచె మీద కాపలా. కొత్త బ్యాండు కొన్నాక పాతది ఆయన చేతికి కట్టా. గుండె ఎట్లా కొట్టుకుంటుందో చూద్దామని కట్టినా, నాకు అసలు కావాల్సింది మెలకువగా ఉన్నాడని నాకు కచ్చితంగా తెలిసిన మనిషి. ల్యాబ్ భాషలో చెప్పాలంటే స్టాండర్డ్.

చలికాలం కదా, గొంగడి కప్పుకుని మోకాళ్లు దగ్గరికి తీసుకుని కూర్చుంటాడు. కళ్లు చేను మీద, చెవులు గట్టు మీద. ఆకు కదిలితే తప్ప ఆయన కదలడు. అనుమానం వస్తే టార్చి కొట్టి, డబ్బా వాయించి, మళ్లీ అట్లాగే. పొద్దున ఇంటికొచ్చాక యాప్ తెరిస్తే ఆరు గంటల పైన నిద్ర, అందులో గాఢనిద్ర గంటన్నర, మార్కులు 84. డబ్బా కొట్టిన చోట్ల మాత్రం సన్నని గీతలు పెట్టి "మెలకువ" అని రాసింది. పడుకుని ఉంటే అన్ని మార్కులు నాకే రావు. ఆయనకు చూపిస్తే నవ్వాడు.

"నేను పండుకుంటే పందులకు ఎరికైతది బిడ్డా. పందికున్న తెలివి సుత లేదా దీనికి?"

తర్వాత మధ్యాహ్నం వేపచెట్టు కింద నులక మంచం మీద గురకపెట్టి మూడు గంటలు పండుకున్నాడు. దాన్ని బ్యాండు పట్టించుకోలేదు. పగలు, పైగా అటూ ఇటూ పొర్లాడు కూడా. కాపలా ఉన్నన్నాళ్లూ దాదాపు ఇదే తీరు.

ఇది నా బ్యాండు ఒక్కదాని లోపం కాదు. కదలిక మీద ఆధారపడే పద్ధతి మొత్తానికి ఉన్న బలహీనత ఇది. స్లీప్ ల్యాబ్ రికార్డుతో పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఇట్లాంటి పరికరాలకు నిద్రను నిద్రగా గుర్తించడంలో నూటికి తొంభై పైనే వస్తుంది. మెలకువను మెలకువగా గుర్తించడంలో బాగా కిందికి పడిపోతుంది. ప్రకటనల్లో కనబడేది మొదటి అంకె. ఎనిమిది గంటలు పక్క మీదుండి ఏడుంపావు గంటలు నిద్రపోయే మనిషికి, సెన్సర్లు ఏమీ లేకుండా "అంతా నిద్రే" అని గుడ్డిగా రాసినా నూటికి తొంభై మార్కులొస్తాయి. కాబట్టి నిద్ర బాగా పట్టేవాళ్లకు బ్యాండు బాగా పనిచేస్తున్నట్టు అనిపిస్తుంది. నిద్ర పట్టక రాత్రి రెండింటికి పైకప్పు చూస్తూ కదలకుండా పడుకునే మనిషికి, అంటే దాని అవసరం నిజంగా ఉన్నవాడికి, అబద్ధం చెప్తుంది.

నా సి షిఫ్టు కథ ఇంకోటి. ల్యాబ్‌లోకి, ప్రొడక్షన్‌లోకి గడియారాలు, ఉంగరాలు రానివ్వరు. బ్యాండు తీసి లాకర్‌లో మడిచిన ప్యాంటు మీద పెట్టి పోతా. పొద్దున బస్సెక్కి చూసుకుంటే కొన్నిసార్లు నేను రాత్రి హాయిగా పండుకున్నట్టు, నాడి కూడా యాభై చిల్లర ఉన్నట్టు చూపించింది. పచ్చ లైటుకు ఎదురుగా బట్ట ఉంటే, తిరిగొచ్చే వెలుతురులోని చిన్న చిన్న తేడాలనే అది నాడి అనుకుంటుంది. చేతి మీద ఉన్నానా లేనా అన్నది కూడా దానికి సరిగ్గా తెలియడం లేదన్నమాట. ఇంటికొచ్చి ఎనిమిదింటికి పండుకుంటే, మహబూబ్‌నగర్ ఎండలో, కూలర్ హోరులో పట్టే ఆ నిద్రను "కునుకు" అని పక్కకు రాసి, దశలు కూడా ఇవ్వదు. రాత్రి ఒక్కటే నిద్ర అని రాసిన లెక్క అది. మా సెజ్‌లో, మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో, హైవే మీద లారీల్లో రాత్రులు పనిచేసేవాళ్లు ఎంతమంది! వాళ్లెవరూ దాని లెక్కలో లేరు.

రెండు చేతులకూ రెండు బ్యాండ్లు కట్టుకుని కూడా పండుకున్నా. మా ఇంటామె దండం పెట్టింది. పడుకున్న టైము, లేచిన టైము రెండింట్లో కొన్ని నిమిషాల తేడాతో కలిసేవి. గాఢనిద్ర మాత్రం ఒకదాంట్లో రెండో దానికి సగం కూడా ఉండేది కాదు. కలల నిద్ర ఒకదాంట్లో మొదటి జాములో, ఇంకోదాంట్లో తెల్లవారుజామున. మామూలుగా గాఢనిద్ర రాత్రి మొదటి సగంలో, కలల నిద్ర తెల్లారే ముందు ఎక్కువ ఉంటుంది కాబట్టి రెండోదే నిజానికి దగ్గర అనుకోవచ్చు. అయితే ఆ బ్యాండు నా నిద్రను చూసి అట్లా రాసిందా, మనుషులందరికీ అట్లాగే ఉంటుందని తెలిసి రాసిందా అన్నది నాకు తేలలేదు. నా అనుమానం రెండో దాని మీదే.

బ్యాలెన్స్ ప్రతిసారీ రెండు మిల్లీగ్రాములు ఎక్కువ చూపించినా సర్దుకోవచ్చు, ఆ రెండూ తీసేసి చదువుకుంటాం. అందుకే చాలామంది "అంకె తప్పైనా ఫర్వాలేదు, ట్రెండు చూసుకోండి" అంటారు. ఆ మాట కొన్నాళ్లు నేనూ ఒప్పుకున్నా. ఒక రోజు యాప్ అప్‌డేట్ అయింది. ఆ రాత్రి నుంచి నా గాఢనిద్ర ఉన్నట్టుండి అరగంట పెరిగి అక్కడే నిలబడింది. నేను మారలేదు, మంచం మారలేదు, లెక్క కట్టే పద్ధతి మారింది. ల్యాబ్‌లో సాఫ్ట్‌వేర్ వర్షన్ మారితే చేంజ్ కంట్రోల్ తెరవాలి, అంటే మార్పును కాగితం మీద పెట్టాలి, సరిగ్గా పనిచేస్తోందని మళ్లీ పరీక్షించి వాలిడేషన్ చేయాలి, సంతకాలు కావాలి. ఇక్కడ "బగ్స్ సరిచేశాం, అనుభవం మెరుగుపరిచాం" అని ఒక్క వాక్యం. ట్రెండు చూడాలంటే పోలిక మొదలుపెట్టిన గీత కదలకూడదు కదా.

మార్కుల సంగతి వేరే. పొద్దున లేవగానే 61 కనబడితే, అప్పటిదాకా బాగానే ఉన్న ఒళ్లు బరువెక్కినట్టు అనిపించేది. 2014లో అమెరికాలో కొలరాడో కాలేజీవాళ్లు విద్యార్థులకు నిన్న రాత్రి మీ కలల నిద్ర ఇంత శాతం అని ఉత్తుత్తి అంకెలు చెప్పి పరీక్షలు పెట్టారు. తక్కువని విన్నవాళ్లు తక్కువ మార్కులు తెచ్చుకున్నారు. బ్యాండు అంకెల కోసం ఆరాటపడి ఉన్న నిద్ర పాడుచేసుకునే తీరుకు 2017లో నిద్ర పరిశోధకులు ఆర్థోసోమ్నియా అని పేరు కూడా పెట్టారు. వాళ్లు రాసిన కేసుల్లో స్లీప్ ల్యాబ్ రిపోర్టు కంటే చేతి బ్యాండునే ఎక్కువ నమ్మినవాళ్లున్నారు. మా క్యాంటీన్‌లో ఇడ్లీ ప్లేటు ముందు పెట్టుకుని "నీకెంత, నాకెంత" అని మార్కులు పోల్చుకునేవాళ్లను చూస్తే అదేమంత వింతగా అనిపించదు.

మా బావ విషయంలో మాత్రం నవ్వు రాదు. మనిషి కాస్త లావు, గురక పెడితే పక్క గదిలో పిల్లలు లేస్తారు. పగలు బండి మీద కూడా కళ్లు మూతలు పడేవి. అక్క పోరు పెడితే "నా బ్యాండు రోజూ ఎనభై పైనే ఇస్తుంది, నాకేం రోగం" అనేవాడు. దాంట్లో రక్తంలోని ఆక్సిజన్ చూసే ఏర్పాటు ఉంది గాని, బ్యాటరీ తొందరగా అయిపోతుందని రాత్రిళ్లు ఆపేసి పెట్టాడు. చివరికి హైదరాబాద్‌లో స్లీప్ స్టడీ చేయిస్తే నిద్రలో శ్వాస ఆగిపోతోందని తేలింది. శ్వాస ఆగడం, బాగా తగ్గడం కలిపి గంటకు అయిదు సార్ల లోపైతే మామూలు, ముప్ఫై దాటితే తీవ్రం అంటారు. బావది ముప్ఫై దాటింది. ఇప్పుడు ముఖానికి సీప్యాప్ మాస్కు, అంటే శ్వాస దారి మూసుకోకుండా గాలిని ఒత్తిడితో పంపేది, పెట్టుకుని పండుకుంటున్నాడు, బండి మీద తూగడం లేదు. ఇట్లాంటి పరికరాలు వైద్య పరీక్షకు బదులు కావని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2018లోనే ప్రకటించింది. బ్యాండు డబ్బా మీద కూడా అదే మాట ఉంటుంది, భూతద్దం పెట్టి చూసేంత చిన్న అక్షరాల్లో.

మరి ఇంకా ఎందుకు కట్టుకుంటున్నావని అడిగితే, రెండు కారణాలు. ఒకటి, చప్పుడు లేని అలారం. పొద్దుటి షిఫ్టుకు తెల్లారక ముందే లేవాలి, చేతి మీద గుర్రుమంటే నేనొక్కడినే లేస్తా. తేలిక నిద్రలో ఉన్నప్పుడు చూసి లేపుతానంటుందే, ఆ తెలివైన అలారం ఆపేశా. దశలే తెలియనిది ఎప్పుడు లేపాలో ఎట్లా తెలుసుకుంటుంది? రెండోది, రాత్రి నాడి. కదలకుండా ఉన్నప్పుడు నాడి లెక్క బాగానే వస్తుంది. జ్వరం వచ్చే ముందు రాత్రి అది పెరగడం గమనించా. చుట్టాల ఇంట్లో కల్లు కొంచెం ఎక్కువైన రాత్రి కూడా పెరిగింది, దాన్ని ఇంట్లో ఎవరికీ చూపించలేదు. అమ్మకు మాత్రం అదీ పనికిరాలేదు. ఆమె మణికట్టు మీద పాతకాలపు పచ్చబొట్టు ఉంది, సిరా ఉన్నచోట లైటు సరిగ్గా లోపలికి పోదు. కాస్త పైకి జరిపి కడితే వచ్చింది.

మిగతావి తొందరగా. చార్జింగ్ వారం పైనే వస్తుంది. ఎండాకాలం పట్టీ కింద చెమటకు దురద పుడుతుంది, స్నానం చేసినప్పుడు తీసి కడగాలి. అడుగుల లెక్క ఫర్వాలేదు, మోటారు సైకిల్ మీద గుంతల రోడ్డులో పోతే నాలుగు అడుగులు ఎక్కువే ఇస్తుంది. తెలుగులో మెసేజ్‌లు కొన్ని ఫోన్ల నుంచి డబ్బాలు డబ్బాలుగా కనబడతాయి.

మీరు కొనాలనుకుంటే తక్కువ ధరదే కొనండి. నిద్ర దశల కోసం ఎక్కువ పెట్టొద్దు. కొన్న రోజే సెట్టింగుల్లోకి పోయి నిద్ర మార్కుల నోటిఫికేషన్ ఆపేయండి, పడుకున్న టైము, లేచిన టైము, రాత్రి నాడి ఈ మూడే చూసుకోండి. రాత్రి షిఫ్టువాళ్లు పగటి నిద్రను కాగితం మీద రాసుకుంటే బ్యాండు కంటే సరైన లెక్క వస్తుంది. ఇంట్లో ఎవరికైనా గురక, పగటి తూగు రెండూ ఉంటే ముందు డాక్టరు దగ్గరికి తీసుకుపోండి, బ్యాండు సంగతి తర్వాత. అయిదులో నేనిచ్చేది మూడు. అందులో రెండు అలారానికే.